కథను విప్పి చదవడం: కథాంగాలు, అలంకారాలు, శిల్పం గురించి విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ప్రశ్నపత్రంలో 'ఈ కథలోని శిల్పాన్ని విశ్లేషించండి' అని కనబడగానే చాలామంది విద్యార్థులు ఒక జాబితా రాస్తారు. పాత్రలు వీరు, నేపథ్యం ఇది, మూడో పేరాలో ఉపమ ఉంది, చివర వ్యంగ్యం ఉంది. అందులో తప్పేమీ ఉండదు, కానీ కథ గురించి ఒక్క ముక్కా ఉండదు. ఉపమ ఉందని గుర్తించడం పనిలో పావు వంతే. దాన్ని తీసేస్తే కథకు ఏం నష్టమో చెప్పగలిగినప్పుడు విశ్లేషణ మొదలవుతుంది. కింద చెప్పబోయే ప్రతి దశలోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇది ఇక్కడ లేకపోతే ఏమవుతుంది?

ఎదురుగా కథ లేకుండా కథాంగాల గురించి మాట్లాడితే అన్నీ గాలిలో మాటలే. అందుకే ఈ వ్యాసం కోసం ఒక చిన్న కథ రాశాను. ముందు దీన్ని పెన్సిలు పట్టుకోకుండా, ఏమీ వెతకకుండా ఒకసారి చదవండి.

తాళంచెవి మేకుకు వేలాడుతోంది. మాధవి దాన్ని తీసి, ఒక్క క్షణం చూసి, మళ్లీ అక్కడే తగిలించింది.

"ఈ రోజైనా నాన్న గది తెరుద్దామక్కా" అన్నాడు శేఖర్. గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతిలోని సంచి కింద పెట్టలేదు.

"వాన తగ్గనీ."

వాన మధ్యాహ్నమే ఆగిపోయింది. శేఖర్ కిటికీలో నుంచి ఎండకు ఆరుతున్న వాకిలి వైపు చూశాడు. ఏమీ అనలేదు.

"ఇల్లు కొనేవాళ్లు ఎల్లుండి వస్తారు" అన్నాడు కాసేపటికి.

మాధవి మళ్లీ తాళంచెవి అందుకుంది. ఈసారి దాన్ని గుప్పిట్లో బిగించింది. "ఆ గది లేకుండా కొనుక్కుంటారేమో అడుగు" అంది.

శేఖర్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. మెల్లగా సంచి కింద పెట్టాడు.

మొదటి దశ: కథలో ఉన్నదేమిటి, మీరు ఊహించినదేమిటి

ఇప్పుడు పెన్సిలు తీసుకుని రెండోసారి చదవండి. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు కథలో మాటలుగా ఉన్న విషయాలు, కుడివైపు వాటినుంచి మీకు తోచినవి రాయండి. ఈ పని చిన్నపిల్లల ఆటలా కనిపించవచ్చు గానీ, విశ్లేషణలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పట్టుబడతాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఈ కథలో తండ్రి చనిపోయాడని ఎక్కడైనా ఉందా? లేదు. 'నాన్న గది' అని మాత్రమే ఉంది. గదికి తాళం వేసి ఉంది, ఇల్లు అమ్ముతున్నారు, కూతురు గది తెరవలేకపోతోంది. ఈ మూడూ కలిసి మన చేత ఆ మాట అనిపించాయి. అది సమంజసమైన ఊహే. కానీ అది ఊహ అని తెలిసి రాసేవారికీ, కథలో ఉందనుకుని రాసేవారికీ చాలా తేడా ఉంటుంది. మొదటివారు 'రచయిత మరణాన్ని ప్రస్తావించకుండానే దాన్ని స్ఫురింపజేశారు' అని రాయగలరు. రెండోవారికి ఆ వాక్యం తట్టదు.

రెండో దశ: సంఘటనల వరుస, వాటి మధ్య ముడి

కథలో జరిగినవాటిని కాలక్రమంలో రాసి, ఒక్కో సంఘటన పక్కన 'ఎందుకు' అని రాయండి. ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఈ తేడాను రెండు చిన్న వాక్యాల్లో చూపించాడు. రాజు చనిపోయాడు, ఆ తరువాత రాణి చనిపోయింది అంటే కథ. రాజు చనిపోయాడు, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే సంవిధానం. మొదటిదానిలో కాలం మాత్రమే ఉంది, రెండోదానిలో కారణం వచ్చి చేరింది.

మన కథలో వరుస ఇలా ఉంది: తాళంచెవి తీసి తగిలించడం, శేఖర్ అడగడం, సాకు చెప్పడం, గడువు తెలియడం, తాళంచెవిని బిగించి పట్టుకోవడం, సంచి కింద పెట్టడం. 'ఎల్లుండి' అన్న మాట తీసేసి చూడండి. మాధవి ఆ సాకునే రోజూ చెప్పుకుంటూ ఉండవచ్చు, కథ ముందుకు కదలదు. ఆ ఒక్క మాట ఆమెకు వాయిదా వేసే దారి మూసేసింది. సంవిధానం గురించి రాయడమంటే ఇలాంటి కీలును పట్టుకోవడం.

పాఠ్యపుస్తకాల్లో ఒక త్రికోణం బొమ్మ కనిపిస్తుంది: ప్రారంభం, ఆరోహణ, పతాకస్థాయి, అవరోహణ, ముగింపు. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటకాల నిర్మాణాన్ని వివరిస్తూ ప్రతిపాదించిన నమూనా అది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే భరతుడి నాట్యశాస్త్రం కార్యానికి ఐదు అవస్థలు చెప్పింది: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ (ఫలం దక్కుతుందన్న ఆశ), నియతాప్తి (దక్కడం ఖాయమవడం), ఫలాగమం (ఫలం దక్కడం). ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన తేడా కనిపిస్తుంది. ఫ్రైటాగ్ నమూనాలో శిఖరం నడుమ ఉంటుంది, ఆ తరువాతిదంతా దిగుడే. భరతుడి వరుస చివరిదాకా ఫలం వైపే నడుస్తుంది. విషాదాంతాలను వివరించడానికి మొదటిది బాగా అమరుతుంది.

అయితే రెండూ నాటకం కోసం పుట్టినవే. చిన్న కథను ఆ ఐదు గడుల్లోకి బలవంతంగా కూర్చవద్దు. మన కథకు ప్రారంభ పరిచయం లేదు, అవరోహణ ఒక్క వాక్యమే. గడి ఖాళీగా ఉంటే కథలో లోపమని కాదు, రచయిత దాన్ని ఎందుకు వదిలారని అడగండి.

మూడో దశ: సంఘర్షణ

ఎవరికి ఏం కావాలి, అడ్డుపడుతున్నది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలు చాలు. శేఖర్‌కు గది తెరవాలి, అక్క అడ్డు. ఇది బాహ్య సంఘర్షణ. మాధవికి అడ్డు ఆమే. తాళంచెవి తీసింది, తనే మళ్లీ తగిలించింది. అప్పటికి శేఖర్ నోరు విప్పలేదు కూడా. అంటే అంతస్సంఘర్షణ మొదటి వాక్యాల్లోనే మొదలైంది, తమ్ముడితో గొడవ ఆ తరువాతిది. మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ అంటూ పుస్తకాలిచ్చే విభజన ఉపయోగకరమే. కానీ ఒక కథకు ఒకే పేరు అంటించి ఊరుకోకండి. బయటి గొడవ లోపలి గొడవను ఎలా రెచ్చగొట్టిందో చెప్పండి.

నాలుగో దశ: పాత్రలు

పాత్ర స్వభావాన్ని రచయిత నేరుగా చెప్పవచ్చు, లేదా చేతల ద్వారా, మాటల ద్వారా చూపించవచ్చు. 'శేఖర్ తొందరపాటు మనిషి, అయినా అక్కంటే ప్రేమ' అని రాసి ఉంటే అది చెప్పడం. సంచి కింద పెట్టకుండా గుమ్మంలో నిలబెట్టడం చూపించడం. చూపించడమే ఎప్పుడూ గొప్పదని కొందరు సూత్రంలా చెబుతారు. నేను ఒప్పుకోను. పదేళ్ల కాలాన్ని ఒక వాక్యంలో దాటించాల్సి వచ్చినప్పుడు చెప్పడమే సరైన పద్ధతి. ఏది ఎక్కడ వాడారన్నదే చూడాలి.

పాత్రలను చదునైనవి, గుండ్రనివి అని విడదీసింది కూడా ఫార్‌స్టరే. ఒకే లక్షణంతో నడిచేది చదునైన పాత్ర, మనల్ని నమ్మదగిన రీతిలో ఆశ్చర్యపరచగలిగేది గుండ్రని పాత్ర. చదునైన పాత్ర అనడం తిట్టు కాదని గుర్తుంచుకోండి. హాస్యకథల్లో అవి చాలా అవసరం.

పాత్ర గురించి ఏ విశేషణం రాసినా దాని పక్కన కథలోని ఒక చర్య ఉండాలి. 'శేఖర్ సున్నిత మనస్కుడు' అన్నారా, ఆధారం ఎక్కడ? వాన ఆగిపోయిందని అతనికి తెలుసు. అక్క చెప్పింది సాకేనని ముఖం మీదే అనవచ్చు. అనలేదు. ఆ మౌనమే ఆధారం.

ఐదో దశ: దృష్టికోణం

విద్యార్థులు ఒక్క వాక్యంలో ముగించే అంశం ఇది. నా దృష్టిలో కథాశిల్పంలో దీన్ని మించిన నిర్ణయం లేదు. కథ ఎవరి కళ్లతో చూస్తున్నామన్న దాన్నిబట్టి మనకు ఏం తెలుస్తుంది, ఏం దాగుతుంది, ఎవరి పక్షాన నిలబడతామన్నవన్నీ తేలిపోతాయి.

'నేను' అంటూ పాత్రే చెబితే ఉత్తమ పురుష కథనం. 'అతడు', 'ఆమె' అంటూ సాగితే ప్రథమ పురుష కథనం. ఇందులో మళ్లీ మూడు రకాలు. అందరి మనసుల్లోకీ వెళ్లగలిగేది సర్వసాక్షి కథనం. ఒక్క పాత్ర మనసుకే పరిమితమయ్యేది పరిమిత దృష్టికోణం. ఎవరి మనసులోకీ వెళ్లకుండా కనబడేదీ వినబడేదీ మాత్రమే చెప్పేది నాటకీయ కథనం. 'నువ్వు' అంటూ మధ్యమ పురుషలో రాసిన కథలు అరుదు.

మన కథ నాటకీయ కథనం. దీన్ని మార్చి రాసి చూద్దాం. శేఖర్ చెబుతున్నట్టు అయితే:

"అక్క మళ్లీ అబద్ధమాడింది. వాన ఆగి చాలాసేపయిందని ఇద్దరికీ తెలుసు. నాకు సాయంత్రం బస్సు అందుకోవాలి."

సర్వసాక్షి కథనంలో అయితే:

"గది తెరిస్తే నాన్న ఇక లేడని ఒప్పుకోవాల్సి వస్తుందని మాధవి భయం. ఆ భయం శేఖర్‌కూ ఉంది, కానీ అతడు దాన్ని పనుల వెనక దాచుకున్నాడు."

మొదటి మార్పుతో మాధవి మనకు దూరమైంది. 'అబద్ధం' అన్న మాట శేఖర్‌ది, ఆ తీర్పును మనం కూడా మోయాల్సి వచ్చింది. రెండో మార్పుతో ఇద్దరూ దగ్గరయ్యారు, కానీ మనం చేయాల్సిన పనంతా కథకుడే చేసేశాడు. అసలు కథలో 'వాన మధ్యాహ్నమే ఆగిపోయింది' అన్న వాక్యం ఎవరినీ నిందించదు. నిజాన్ని మన ముందు పెట్టి తప్పుకుంటుంది. ఆ సాకు వెనక ఏముందో మనమే వెతుక్కుంటాం. దృష్టికోణం గురించి సమాధానం రాసేటప్పుడు ఇలా ఒక వాక్యాన్ని మరో కోణంలోకి మార్చి, పోయినదేమిటో రాయండి. పరీక్షకుడికి ఇంతకంటే బలమైన ఆధారం చూపలేరు.

ఉత్తమ పురుష కథనంలో ఇంకో జాగ్రత్త. చెబుతున్న పాత్ర నిజమే చెబుతోందని ఎందుకు నమ్మాలి? అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ఇలాంటి కథకులకు 'నమ్మదగని కథకుడు' అని పేరు పెట్టాడు. పాత్ర చెప్పే మాటకూ, అదే కథలో కనబడే సంఘటనలకూ పొంతన కుదరని చోట్ల గీత గీసుకుంటూ వెళ్లండి.

ఆరో దశ: నేపథ్యం, శైలి

నేపథ్యం అంటే చోటు, కాలం మాత్రమే కాదు, ఆ చోటు పాత్రల మీద తెచ్చే ఒత్తిడి కూడా. ఎండకు ఆరుతున్న వాకిలి లేకపోతే సాకు బయటపడదు. అంతే, ఇక్కడ ఇంతకు మించి సాగదీయనక్కర్లేదు. శైలి కోసం వాక్యాల పొడవు చూడండి. 'వాన తగ్గనీ' రెండే మాటలు. వాదించే ఓపిక లేని మనిషి గొంతు అది.

ఏడో దశ: వస్తువు

'ఈ కథ వస్తువు మరణం' అని రాస్తే అది విషయం అవుతుంది గానీ వస్తువు కాదు. ఆ విషయం గురించి కథ ఏమంటోందో పూర్తి వాక్యంగా రాయండి. 'పోయిన మనిషి వస్తువులను వదులుకోవడం ఆ మనిషిని మరోసారి పోగొట్టుకోవడమే అవుతుంది' అనేది ఒక వాక్యం. 'దుఃఖానికి గడువు పెట్టలేమని తెలిసినప్పుడే ఇద్దరు మనుషులు దగ్గరవుతారు' అనేది ఇంకొకటి. రెండోదానికి చివరి వాక్యం ఆధారంగా నిలుస్తుంది కాబట్టి నేను దాన్నే ఎంచుకుంటాను. మీరు మొదటిదాన్ని ఎంచుకుని తాళంచెవిని ఆధారంగా చూపినా సరే. 'పెద్దలను గౌరవించాలి' వంటి నీతివాక్యం రాసినప్పుడు మాత్రం ఆగండి. కథలో లేనిదాన్ని బయటినుంచి తెచ్చిపెడుతున్నారు.

ఎనిమిదో దశ: అలంకారాలను పరీక్షించడం

మన కథలో ఉపమలు, రూపకాలు లేవు. కావాలనే అలా రాశాను. ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి కూడా అలంకారమే. పోల్చి చూడటానికి ఒక ఉపమను చొప్పిద్దాం: "తాళంచెవి ఆమె గుప్పిట్లో నిప్పుకణికలా కాలుతోంది." ఉపమేయం తాళంచెవి, ఉపమానం నిప్పుకణిక, సమానధర్మం కాలడం, ఉపమావాచకం 'లా'. పోలికను వదిలి అభేదం చెబితే రూపకం: "తాళంచెవి అనే నిప్పుకణికను గుప్పిట్లో బిగించింది." ఊహించి చెబితే ఉత్ప్రేక్ష: "తాళంచెవి చేతిని కాలుస్తోందా అన్నట్టు ఆమె గుప్పిట వణికింది."

ఇక్కడిదాకా వ్యాకరణం. ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ పోలిక ఇక్కడ పనికొస్తుందా? నిప్పు పట్టుకున్నవారు చేయి విదిల్చి పారేస్తారు. మాధవి చేస్తున్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం, ఆమె వదలనంటోంది. అలంకారం ఒకవైపు, చేష్ట మరోవైపు లాగుతున్నాయి. వినసొంపుగా ఉన్నంత మాత్రాన అలంకారం మంచిదైపోదు. మీరు చదివే కథల్లోనూ ప్రతి ఉపమానం పాత్ర మనఃస్థితితో కలిసి నడుస్తోందా, ఎదురు తిరుగుతోందా అని చూడండి. కొన్నిసార్లు రచయిత కావాలనే ఎదురు తిప్పుతారు. అది కూడా రాయదగిన విషయమే.

ప్రతీకను గుర్తించడానికి మూడు ఆనవాళ్లు చెబుతాను. ఆ వస్తువు ఒకటికి రెండుసార్లు వస్తుంది. మొదలు, మలుపు, ముగింపు వంటి కీలకమైన చోట నిలుస్తుంది. పాత్ర మారినప్పుడు దాని స్థితి కూడా మారుతుంది. తాళంచెవి మేకు మీద నుంచి గుప్పిట్లోకి వచ్చింది. సంచి చేతిలో నుంచి నేల మీదికి చేరింది. రెండూ నెగ్గాయి. వాన? అది సాకుగా ఒకసారి పనికొచ్చింది, అంతే. 'వాన మాధవి కన్నీళ్లకు ప్రతీక' అని రాయాలన్న కోరిక కలుగుతుంది, అణచుకోండి.

సంచి విషయంలో పూర్వసూచన కూడా ఉంది. 'కింద పెట్టలేదు' అన్న వివరం మొదట్లో మామూలుగా కనిపించి, చివర అక్కరకొచ్చింది. పేల్చే ఉద్దేశం లేనప్పుడు రంగస్థలం మీద తుపాకీ పెట్టకూడదని రష్యన్ రచయిత చెహోవ్ 1889లో ఒక లేఖలో సలహా ఇచ్చాడు. చదివేవారికి దాన్ని తిరగేసి వాడుకోవచ్చు: ముగింపు చదివాక వెనక్కి వెళ్లి, దానికి విత్తనం ఎక్కడ పడిందో వెతకండి.

వ్యంగ్యం మూడు రకాలు. అన్నదానికీ ఉద్దేశించినదానికీ తేడా ఉంటే మాటల వ్యంగ్యం. ఆశించినదానికి విరుద్ధంగా జరిగితే పరిస్థితిలోని వ్యంగ్యం. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలిస్తే నాటకీయ వ్యంగ్యం. 'ఆ గది లేకుండా కొనుక్కుంటారేమో అడుగు' అన్నది వ్యంగ్యమా? శేఖర్ అలాగే అనుకుని నవ్వబోయాడు. ఆమె ముఖం చూశాక అది నిజంగా అడుగుతున్న మాట అని తెలిసింది. వ్యంగ్యమనుకున్నది వ్యంగ్యం కాదని తేలిన క్షణమే ఈ కథకు పతాకస్థాయి. ఇక శేఖర్ ఆ గదిని ఎప్పుడో ఖాళీ చేయించాడని పాఠకులకు ముందే చెప్పి ఉంటే, మాధవి మాట్లాడే ప్రతి మాటా నాటకీయ వ్యంగ్యమయ్యేది. కథ ఎంత క్రూరంగా మారిపోయేదో ఊహించండి.

'వాన తగ్గనీ' అన్నదాన్ని వ్యంగ్యమని రాయకండి. అది ధ్వని. మాటకు నేరుగా వచ్చే అర్థం వాచ్యార్థం. అది పొసగనప్పుడు తీసుకునేది లక్ష్యార్థం. వాటికి ఆవల స్ఫురించేది వ్యంగ్యార్థం. పేరు దగ్గరగా ఉన్నా ఇది పైన చెప్పిన వ్యంగ్యం కాదు, ఇలా స్ఫురించడాన్నే ధ్వని అంటారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ఈ స్ఫురించే అర్థమే కావ్యానికి ఆత్మ అన్నాడు. శాస్త్రగ్రంథాలు ఇచ్చే ఉదాహరణ 'గంగలో పల్లె'. నదిలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డు అని అర్థం చేసుకుంటాం. అయినా 'ఒడ్డున' అనకుండా 'గంగలో' అనడం వల్ల చల్లదనం, పవిత్రత స్ఫురిస్తాయి. మాధవి మాటలో వాచ్యార్థం వాతావరణం గురించి. స్ఫురించేది 'నేనింకా సిద్ధంగా లేను' అని. సంభాషణలున్న ప్రతి కథలోనూ ఈ రెండు పొరలనూ విడదీసి రాయగలిగితే మీ సమాధానం మిగతావాటికంటే పైన నిలుస్తుంది.

తొమ్మిదో దశ: సమాధానం రాయడం

ప్రతి పేరాలో ఒక ప్రతిపాదన, కథలోని మాటలతో ఒక ఆధారం, ఆ మాటలు పాఠకుడి మీద చేసే పని ఉండాలి. బలహీనమైన పేరా ఇలా ఉంటుంది: "ఈ కథలో రచయిత ప్రతీకను చక్కగా ఉపయోగించారు. తాళంచెవి ఒక ప్రతీక. దీనివల్ల కథ ఆసక్తికరంగా మారింది." చివరి వాక్యాన్ని ఏ కథకైనా అతికించవచ్చు, అందుకే అది ఏ కథకూ పనికిరాదు.

అదే విషయం మరోలా: "మాధవి మొదట తాళంచెవిని 'మళ్లీ అక్కడే' తగిలిస్తుంది, చివర 'గుప్పిట్లో బిగిస్తుంది'. మొదటి చర్యలో నిర్ణయాన్ని తప్పించుకోవడం ఉంది, రెండోదానిలో తెరవననే నిర్ణయం ఉంది. ఆమె ఆలోచనలను కథకుడు ఎక్కడా చెప్పకపోవడం వల్ల, ఆమెలో వచ్చిన మార్పు తాళంచెవి చోటు మారడంలోనే తెలుస్తుంది." ఇందులో పొగడ్త లేదు. ప్రతీక, పాత్ర, దృష్టికోణం ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి. ఆ పేర్లలో ఒక్కటి కూడా వాడలేదని గమనించండి. అవసరమైతే ఒకటి రెండు చేర్చండి, పేరా చెడదు.

సాధనకు ఒక పని. మన కథలో చివరి వాక్యాన్ని ఇలా మార్చండి: "మెల్లగా సంచి భుజానికి తగిలించుకున్నాడు." మిగతా కథంతా అక్షరం మారకుండా ఉంచి, ఏడో దశలో రాసిన వస్తువు వాక్యాన్ని మళ్లీ రాయండి. తరువాత వెనక్కి వచ్చి, శేఖర్ మౌనం గురించి నాలుగో దశలో మనం చెప్పినది ఇప్పటికీ నిలుస్తుందో లేదో చూసి, నిలవకపోతే దాన్ని కూడా తిరగరాయండి.